ఏ రిజిస్టరులోనూ లేని పని

నాయకుడి పుట్టినరోజు వచ్చిందంటే ప్రభుత్వాసుపత్రి వార్డులోకి బత్తాయిలొస్తాయి, రొట్టెలొస్తాయి, వాటి వెనకాలే ఫోన్లు పట్టుకుని కుర్రాళ్ళొస్తారు. మంచం మీది మనిషి పండు అందుకుంటూ కెమెరా వైపు చూడాలి. చూడకపోతే వెనక్కి తీసుకుని మళ్ళీ ఇస్తారు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ‘రోగులకు పండ్ల పంపిణీ’. మరి ఆ పండు ఒలిచి, గింజలేరి, మింగలేని నోట్లో చుక్కచుక్కగా రసం పిండేదెవరు? ఆవిడ ఆ ఫోటోలో ఉండదు. ఫోటో తీసేటప్పుడు ‘కాస్త పక్కకి జరగమ్మా’ అని ఆవిడనే అంటారు.

నా గోడు పక్కకి జరగమనిపించుకున్న ఆ మనిషి గురించి. ఆవిడ ఒక్కతే కాదు. పింఛను పుచ్చుకుంటున్న మేష్టారు కావచ్చు, చర్చి నుంచి వచ్చే అక్కలు కావచ్చు, సత్యసాయి సేవాదళ్ వాళ్ళు కావచ్చు, ఎన్నెస్సెస్ పిల్లలు కావచ్చు. తన వాళ్ళకి నయమై డిశ్చార్జి అయ్యాక కూడా పక్కమంచం వాళ్ళ కోసం వస్తూ పోతూ ఉండే పల్లెటూరి మనిషీ కావచ్చు. జీతం లేదు, హాజరుపట్టీలో పేరు లేదు. ఓపీ చీటీ రాయించడం, స్ట్రెచర్‌కి ఓ చెయ్యి వేయడం, రక్తపరీక్ష గది ఎటో చూపించడం, పడక తడిస్తే దుప్పటి మార్చడం, ఎవరూ రాని ముసలాయన పక్కన రాత్రి కూర్చోవడం... ఇదీ వాళ్ళ పని.

మా గజపతినగరమే తీసుకోండి, మారుమూల ఊరేం కాదు. విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఒడిశా వెళ్ళే పెద్దరోడ్డు మీద ఉంది. రైలుస్టేషనుంది. పక్కన చంపావతి. బొండపల్లి, మెంటాడ, దత్తిరాజేరు వాళ్ళు కాన్పుకైనా కాలు విరిగినా ముందు చేరేది ఇక్కడికే. ఇక్కడ కాకపోతే విజయనగరం, అక్కడా కాకపోతే విశాఖ కేజీహెచ్, కేన్సరైతే అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి. వెళ్ళడానికి 108 ఉంది, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఉంది. తిరిగి రావడానికే ఏమీ లేదు. ‘ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి’ అన్నాక కూడా మనిషి వారాలు బతుకుతాడు, ఒక్కోసారి నెలలు. ఆ రోజులు ఎవరి ఖాతాలోవి?

మన ప్రాంతానికి ఇది మరీ దగ్గరి సంగతి. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్ళ అడ్డపొగ అలవాటు తెలియనిదెవరికి? చుట్ట నిప్పుకొనను నోట్లో పెట్టుకు పీలిస్తే ఆ సెగ సూటిగా అంగిలికి తగులుతుంది. 1960లలోనే బొంబాయి టాటా పరిశోధన సంస్థ వాళ్ళు శ్రీకాకుళం జిల్లా పల్లెలు తిరిగి జనం నోళ్ళు పరీక్షించారు. అడ్డపొగకీ అంగిలి కేన్సరుకీ ఉన్న లంకె ప్రపంచ వైద్యపత్రికలకెక్కింది. అంటే మన అమ్మమ్మల అంగిట్లో మచ్చలు లెక్కపెట్టినవాళ్ళున్నారు. ఆ మచ్చ పుండై, పుండు బుగ్గకెక్కినప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళని మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

అలాంటి ఒక పెద్దావిడని దగ్గరగా చూశాను. బుగ్గ మీద పుండు. నొప్పికంటే వాసన ఆవిణ్ణి ఎక్కువ చంపేది. మొహం గోడవైపు పెట్టుకుని, ‘కంపొస్తంది అప్పా, నువ్వూ దూరంగా కూకో’ అనేది. సాయానికొచ్చిన అప్ప దూరం జరగలేదు. నర్సమ్మ ఒకసారి చూపించిన పద్ధతి ఆమెకి చేతికొచ్చేసింది. గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో పుండు కడగడం, డాక్టరు రాసిన మెట్రోనిడజోల్ మాత్రని మెత్తగా నూరి దాని మీద చల్లడం, గాజుగుడ్డ అంటుకుపోకుండా తడిపి వేయడం. కొన్నాళ్ళకి వాసన తగ్గింది. గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోయే మనవడు లోపలికొచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆవిడ మొహం ఇటు తిప్పింది. రోగం పిసరంతైనా తగ్గలేదు. కానీ జరిగినది వైద్యం కాదని ఏ డాక్టరైనా అనగలడా?

ఆ పూట ఆసుపత్రి లెక్కల్లో ఏం చేరింది? ఏమీ లేదు. కాన్పులకి గడి ఉంది, ఆపరేషన్లకి గడి ఉంది, ఓపీకి ఉంది, టీకాలకి ఉంది. రెండేసి గంటలకోసారి మనిషిని పక్కకి ఒత్తిగిలించి పడకపుండు రాకుండా కాపాడినదానికి గడి లేదు. పోయేముందు ఆకలి చచ్చిపోవడం సహజమనీ, గొంతు దిగని గంజి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ, పెదాలు తడిపితే చాలుననీ ఇంటిల్లిపాదికీ ఓపిగ్గా చెప్పినదానికి లేదు. గడి లేని పనికి డబ్బు రాదు, మనిషి రాడు, గౌరవమూ రాదు. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, సాయం చేసినవాళ్ళు పోయాక మాత్రం సంతాపసభలో ‘నిస్వార్థ సేవ’ అని పొగిడేస్తాం.

రోగం నయం కాకపోయినా బాధ తగ్గించే ఈ పనికి ఉపశమన చికిత్స అని పేరు. కాగితం మీద దానికి లోటు లేదు. 2012లో జాతీయ ఉపశమన చికిత్స కార్యక్రమం వచ్చింది. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో ఆ మాట ఉంది. ఊళ్ళోని హెల్త్ సెంటర్లు అందించాల్సిన 12 రకాల సేవల్లోనూ అది ఉంది. నొప్పికి మార్ఫిన్ మాత్ర చవకైనది. ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనదొకటి. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి జడిసి ఏళ్ళ తరబడి ఆసుపత్రులు మార్ఫిన్ ముట్టుకోలేదు. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. అయినా సవరణ సంగతి తెలియని ఊళ్ళో నొప్పి నొప్పిగానే ఉంటుంది. ప్రపంచమంతటా ఈ చికిత్స కావలసినవాళ్ళలో సుమారు 14 శాతానికే అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన పల్లెలు మిగిలిన 86 శాతంలో ఉన్నాయని చెప్పడానికి సర్వే అక్కర్లేదు.

ఇది కాని పనా? కోళికోడ్ వైద్యకళాశాలలో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, వాళ్ళ మిత్రులు చిన్నగా ఒక సంఘం పెట్టారు. తరవాత మలప్పురం వంటి జిల్లాల్లో ఇరుగుపొరుగువాళ్ళే శిక్షణ పొంది, నర్సుతో కలిసి ఇళ్ళకెళ్ళడం మొదలుపెట్టారు. 2008కల్లా కేరళ ప్రభుత్వం దాన్ని తన విధానంగా చేసుకుంది. రాజగోపాల్‌కి 2018లో పద్మశ్రీ వచ్చింది. అంతదూరం ఎందుకు, హైదరాబాదులో ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రిలో ఉపశమన విభాగముంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ చివరిరోజుల వాళ్ళని పైసా తీసుకోకుండా చూస్తోంది. వాలంటీరు పనిని చిన్నచూపు చూసేవాళ్ళకి ఇంకో మాట: లండన్లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ డాక్టరు కాకముందు నర్సు, ఆసుపత్రి సమాజసేవిక, చావుకి దగ్గరైనవాళ్ళ దగ్గర సాయంత్రాలు ఊరికే పనిచేసిన వాలంటీరు.

‘సేవకి గుర్తింపెందుకండీ, పుణ్యం చాలదూ?’ అంటారు. ఈ మాట అనేవాళ్ళెవరూ పుండు కడిగినవాళ్ళు కారు. గుర్తింపంటే శాలువా కాదు. కడిగే చేతులకి గ్లవ్స్. హెపటైటిస్ బి టీకా. గేటు దగ్గర సెక్యూరిటీ ‘నువ్వెవరు?’ అనకుండా ఒక కార్డు. కూర్చోడానికి కుర్చీ. పల్లె నుంచి వచ్చేవాళ్ళకి బస్సు ఛార్జీ. పుణ్యం వాళ్ళది వాళ్ళకి ఉంటుంది, దాని లెక్క మనం చూడనక్కర్లేదు.

‘శిక్షణ లేనివాళ్ళు తెలిసీ తెలియక చేస్తే?’ అనేది న్యాయమైన ప్రశ్న. జవాబు శిక్షణ ఇవ్వడం, పంపేయడం కాదు. ఇంజెక్షను వాళ్ళు చేయకూడదు, మందు మార్చకూడదు, రోగి సంగతులు వీధిలో చెప్పకూడదు. ఈ హద్దులు ముందే రాసిస్తే గొడవే ఉండదు. పైగా వీళ్ళని నర్సుల పోస్టులు ఖాళీగా ఉంచడానికి సాకు చేసుకోకూడదు. ఆశా కార్యకర్తల విషయంలో అదే చూశాం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళని సత్కరించింది, వాళ్ళేమో ఇక్కడ గౌరవవేతనం పెంచమని ఎండలో ధర్నాల్లో కూర్చుంటున్నారు.

ఆసుపత్రి అభివృద్ధి సంఘాల పెద్దలకి నా మనవి. ప్రహరీకి రంగులు, షెడ్డుకి శంకుస్థాపన మాట్లాడుకున్నాక ఈ సంగతీ మాట్లాడండి. సేవ చేయడానికొచ్చేవాళ్ళ పేర్లు రాసుకోండి. కొద్దిరోజుల శిక్షణ, నేర్పడానికి ఒక నర్సు, మార్ఫిన్ అనుమతికి ఒక దరఖాస్తు, ఇంటికి పంపేసినవాళ్ళని వారానికోసారి చూసొచ్చే ఒక బండి. కోట్ల మాట కాదు ఇది. ఆసుపత్రి రిజిస్టరులో ఇంకో గడి గీయండి. అది నింపడానికి మనుషులు ఎప్పుడో వచ్చేశారు, ఇన్నాళ్ళూ మనమే పక్కన నిలబెట్టాం.