ఎఫ్‌సీ ముందురోజు కొట్టే నల్లరంగు



లారీ ఛాసిస్‌కు, ఇరుసులకు వేసే తుప్పు నిరోధక రంగు ఎన్నేళ్లు ఆగుతుందన్న ప్రశ్నకు డబ్బా మీద జవాబు దొరకదు. ఒకే రంగు ఒక బండి మీద ఏళ్ల తరబడి చెక్కు చెదరదు, మరో బండి మీద రెండు వానాకాలాలకే పెచ్చులు లేస్తుంది. కొన్ని డబ్బాల మీద ఉప్పు పరీక్షలో ఇన్ని గంటలు నిలిచిందని రాస్తారు. 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పునీటి తుంపర కురిపించి చేసే పరీక్ష అది. ఒక రంగును మరో రంగుతో పోల్చడానికి పనికొస్తుంది గానీ, ఆ గంటల్ని రోడ్డు మీది ఏళ్లుగా మార్చే లెక్క ఏదీ లేదు. ఉక్కు కట్టడాల రంగులకు వాడే ఐఎస్ఓ 12944 ప్రమాణం మన్నికను 7 ఏళ్ల లోపు, 7 నుంచి 15, 15 నుంచి 25, ఆపైన అని విభజించింది. అయితే అది గ్యారంటీ కాదు, మొదటి పెద్ద మరమ్మతు వచ్చేదాకా పట్టే కాలపు అంచనా మాత్రమే. కదలకుండా నిలబడే వంతెన సంగతే అలా ఉంటే, రాళ్ల దెబ్బలు తినే ఇరుసు సంగతి చెప్పక్కర్లేదు.

నీరు, ప్రాణవాయువు రెండూ తగిలితేనే ఇనుము తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే తుప్పుకు రెక్కలొస్తాయి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే నీరుగారుతుంది. కోస్తాలో రాత్రిళ్లు తేమ ఆ హద్దు దాటడం మామూలే. అందుకే భీమవరం చుట్టుపక్కల నుంచి ఐసులో రొయ్యలు మోసే లారీ, నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు ఎత్తుకునే లారీ వాన లేని రోజుల్లోనూ అడుగున తడిగానే ఉంటాయి. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా ఇదే పని చేస్తుంది. అమెరికాలో టయోటా పికప్ ట్రక్కుల ఫ్రేములు తుప్పుతో తూట్లు పడ్డాయన్న దావాలో ఆ కంపెనీ 2016లో రాజీకి వచ్చింది. దాని విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అప్పట్లో లెక్కగట్టారు.

ఫ్యాక్టరీలో వేసే రంగు సాధారణంగా మంచిదే. ఫ్రేమును శుభ్రం చేసి, ఫాస్ఫేటు పూత ఇచ్చి, రంగు తొట్టిలో ముంచి, కరెంటు సాయంతో రంగును పట్టించి, ఓవెన్‌లో కాలుస్తారు. ఆ పొర మందం 20 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, అంటే తలవెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు. అయినా అన్ని మూలలకూ సమానంగా చేరుతుంది కాబట్టి నిలుస్తుంది. దాన్ని మొదట గాయపరిచేది బాడీ కట్టే షెడ్డు. అక్కడ కొత్త రంధ్రం తొలుస్తారు, బ్రాకెట్టు వెల్డింగ్ చేస్తారు, చుట్టూ రంగు కాలిపోయిన వలయాన్ని అలాగే వదిలేస్తారు. తుప్పు మొదలయ్యేది అక్కడే.

ఆ తర్వాతి నష్టం ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఆనవాయితీ వల్ల జరుగుతోంది. రవాణా వాహనానికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. దానికి ముందురోజు వాటర్ సర్వీసింగ్, కొన్నిచోట్ల డీజిల్ స్ప్రే, ఆరీఆరకముందే నల్లరంగు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసే వేళకు బండి అడుగు నిగనిగలాడుతుంది. తుప్పు స్పంజి లాంటిది, నీటినీ ఉప్పునూ లోపలే దాచుకుంటుంది. పైగా అది పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక రంగును కింద నుంచి ఎత్తేస్తుంది. పొర కింద చిక్కిన ఉప్పు బయటి తడిని లాక్కుని బొబ్బలు తెప్పిస్తుంది. డీజిల్ జిడ్డు మీద రంగు అసలు పట్టుకోదు. ఈ రంగుకు పెట్టే డబ్బు వృథా అనడం కూడా తక్కువే, చూడాల్సిన చోటును అది కప్పేస్తోంది. తుప్పు తొలిచిన గుంటల దగ్గరే బరువు కింద ఫ్రేము బీటలు తీస్తుంది.

మన్నిక కావాలంటే కష్టమంతా రంగు డబ్బా తెరవకముందే పడాలి. పెచ్చుల్ని సుత్తితో రాల్చి, వైర్ బ్రష్షుతోనో గ్రైండరుతోనో లోహం కనిపించేదాకా గీకాలి. శాండ్‌బ్లాస్టింగ్ చేయించగలిగితే అంతకు మించింది లేదు. జిడ్డు తీసి, ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అదే రోజు ప్రైమర్ వేయాలి. తడి రంగు పదునైన అంచుల నుంచి వెనక్కి జారుతుంది. అందుకని అంచులకు, రివెట్లకు, వెల్డింగ్ అతుకులకు ముందుగా కుంచెతో ఒక పూత విడిగా ఇస్తారు. ప్రైమర్ అనగానే చాలామంది రెడ్ ఆక్సైడ్ అడుగుతారు. పాతకాలపు సీసపు సిందూరం నిజంగానే తుప్పును అడ్డుకునేది, విషం కాబట్టి దాన్ని పక్కన పెట్టారు. రెడ్ ఆక్సైడ్‌కు ఆ ఎరుపు ఉంది గానీ ఆ గుణం లేదు. జింక్ ఫాస్ఫేట్ ఉన్న ఎపాక్సీ ప్రైమర్ అంతకన్నా మేలు. ఎపాక్సీ ఎండకు పొడిబారుతుందన్న మాట నిజమే, కానీ ఛాసిస్ కింద ఎండ ఎక్కడిది?

గీకలేని మూలల్లో తుప్పును నల్లని పొరగా మార్చే ద్రావణాలు కొంత ఉపయోగపడతాయి. వాటిలో కొన్నింటిలో ఉండే టానిన్ మన కరక్కాయలోనూ ఉంది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప కషాయంతో కలంకారీ నలుపు పుట్టేదీ ఈ రసాయనంతోనే. మూసి ఉన్న గొట్టపు ఫ్రేముల లోపల మాత్రం రంగు కన్నా మైనం లాంటి పూత నయం, నీరు కారే రంధ్రాలు పూడకుండా చూస్తే చాలు. ఇరుసు బ్రీదరును, గ్రీజు నిపుళ్లను, బ్రేకు గొట్టాలను, ఛాసిస్ నంబరును రంగుతో కప్పకూడదు. నల్లరంగు హడావుడిలో ఇవన్నీ మునిగిపోతున్నాయి.

గీకుడు కూలి రంగు ఖరీదును మించుతుందని, బండి రెండు మూడు రోజులు షెడ్డులో నిలిచిపోతుందని యజమానులు అనడంలో అబద్ధం లేదు. అయితే ఒకసారి శ్రద్ధగా చేయించి, ఏటా వానలు వెనకబట్టాక రాళ్లు తగిలిన మచ్చలకు మాత్రం పూత వేయిస్తే, ఎఫ్‌సీ వచ్చిన ప్రతిసారీ మొత్తం రంగు కొట్టించే పని తప్పుతుంది. తనిఖీ చేసేవారు కూడా రంగు చూసి ఊరుకోక, తట్టి చూసి సహకరించాలి. గట్టి రేకును సుత్తితో తడితే ఖంగుమంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. ఎఫ్‌సీకి ఛాసిస్ కడిగి తెస్తే చాలని, కొత్త రంగు అక్కర్లేదని తనిఖీ కేంద్రాల దగ్గర ఒక బోర్డు పెట్టించాలని రవాణా శాఖకు విన్నపం.

— ఒక పాఠకుడు, కాకినాడ