నేలపై పడిన అడుగు: లెక్కకు అందని పాదముద్ర

నేలపై మిగిలిన గుర్తును సాక్ష్యంగా స్వీకరించవచ్చునని న్యాయశాస్త్రం ఏనాడో అంగీకరించింది. హత్య జరిగిన చోట పెనుగులాట వల్ల నేలపై పడిన గుర్తులు విచారణకు సంబంధించిన వాస్తవాలేనని 1872 నాటి భారత సాక్ష్య చట్టం ఏడవ సెక్షన్‌లో ఉదాహరణగా పేర్కొన్నది. 2024 జూలై 1న దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఈ సూత్రం కొనసాగుతున్నది. అడుగుజాడకు ఒక చోటు ఉంటుంది, లోతు ఉంటుంది, దిశ ఉంటుంది. అందువల్లనే అది సాక్ష్యం కాగలుగుతున్నది.

పర్యావరణ శాస్త్రం ఇదే మాటను అరువు తెచ్చుకున్నది. విలియం రీస్, మాథిస్ వాకర్‌నాగెల్ 1990వ దశకంలో జీవావరణ పాదముద్ర అనే భావనను రూపొందించారు. 2002లో ఆర్యెన్ హుక్‌స్ట్రా నీటి పాదముద్రను ప్రతిపాదించారు. తరువాత కర్బన పాదముద్ర పరిశ్రమల వార్షిక నివేదికలకు, ప్రభుత్వ విధానాలకు, పరిశోధన పత్రాలకు నిత్యపదమైంది. అయితే ఈ ప్రయాణంలో పాదముద్ర తన చోటును పోగొట్టుకున్నది. టన్నులలో చెప్పే కర్బన పాదముద్ర ఏ సర్వే నంబరులో పడిందో చెప్పదు. వాతావరణం విషయంలో అది లోపం కాదు. బొగ్గుపులుసు వాయువు ఎక్కడ వెలువడినా భూగోళమంతటా కలిసిపోతుంది. కాని నేల అలా కలిసిపోయేది కాదు.

గోదావరిఖని చెప్పే పాఠం

ఈ తేడాను గ్రహించడానికి రామగుండం, గోదావరిఖని ప్రాంతం కంటె తగిన చోటు తెలుగునాట లేదు. 1889లో ఇల్లందులో మొదలైన సింగరేణి బొగ్గు తవ్వకం 1960వ దశకానికి గోదావరి కుడి గట్టుకు చేరింది. నేడు ఆ సంస్థలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది. ఇక్కడి బొగ్గుతో నడిచే ఎన్టీపీసీ రామగుండం కేంద్రపు ఉత్పాదక సామర్థ్యం 2,600 మెగావాట్లు. బొగ్గు విద్యుత్తులో యూనిట్‌కు సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఆ విద్యుత్తును దక్షిణాది రాష్ట్రాలన్నీ పంచుకుంటాయి; దానితోపాటు కర్బన లెక్కలోనూ వినియోగదారులకు వాటా చెందుతుంది. గొయ్యి, మట్టిగుట్ట, బూడిద చెరువు మాత్రం ఎవరికీ పంపిణీ కావు. అవి ఇక్కడే ఉంటాయి.

రామగుండం ఓపెన్‌కాస్ట్‌లో పనిచేసే డ్రాగ్‌లైన్‌ను ‘నడిచే’ యంత్రమనే అంటారు. గుండ్రని పీఠంపై తన భారాన్ని నిలిపి, ఇరుపక్కల ఉన్న ఉక్కు పాదాలపై ఒక్కొక్క అడుగు వేస్తూ అది జరుగుతుంది. ఆ అడుగు అలంకారం కాదు, కొలవదగిన పాదముద్ర.

పొరల వరుసే చరిత్ర

ఈ నేలకు అంతకంటె పాత జాడలు ఉన్నాయి. బొగ్గు పొరల చెంత కనిపించే గ్లాసోప్టెరిస్ ఆకుల అచ్చులు పాతిక కోట్ల సంవత్సరాలకు పైబడిన గోండ్వానా అడవుల గుర్తులు. ప్రాణహిత–గోదావరి లోయలోనే, నదికి ఆవలి ఒడ్డున యామనపల్లి వద్ద లభించిన జురాసిక్ కాలపు కోటాసారస్ అస్థిపంజరం నేడు హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలిచి ఉన్నది. పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్ట బౌద్ధ స్తూపం ఉన్నది. తెలుగునాట బౌద్ధ శిల్పానికి పాదముద్ర కొత్త కాదు: అమరావతి శిల్పులు బుద్ధుని రూపానికి బదులు ఆయన పాదాలను చెక్కి సన్నిధిని సూచించారు.

శిలాజ శాస్త్రజ్ఞుడైనా, పురావస్తు శాస్త్రజ్ఞుడైనా ఈ జాడలను చదవగలిగేది పొరల వరుస చెదరనంత కాలమే. మృత్తికా శాస్త్రజ్ఞుని పరిస్థితీ అంతే. ఓపెన్‌కాస్ట్ గుట్టలో ఆ వరుస తలకిందులవుతుంది. అడుగున ఉన్న రాయి పైకి వస్తుంది, పైనున్న చల్క, రేగడి పొరలు కలగాపులగమవుతాయి. అక్కడ పోయేది సారం ఒక్కటే కాదు. సారం ఎంత ఉండేదో చెప్పగల సాక్ష్యం కూడా.

రెండు లెక్కలు

ఒక హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి 1,500 ఘనపు మీటర్లు. స్థూల సాంద్రత 1.4 అనుకుంటే దాని బరువు 2,100 టన్నులు. సేంద్రియ కర్బనం 0.5 శాతం ఉన్న సాధారణ చేనులో అది 10.5 టన్నుల కర్బనం. పైమట్టిని విడిగా తీసి నిల్వచేసి తిరిగి పరచాలన్న నియమం ఉన్నది. కాని ఎత్తైన కుప్పలలో ఏళ్ల తరబడి ఉన్న మట్టిలో గాలి అందక సూక్ష్మజీవులు, వేరు శిలీంధ్రాలు క్షీణిస్తాయి. కదిలించినప్పుడల్లా సేంద్రియ పదార్థం వేగంగా కుళ్లుతుంది. మూడో వంతు కర్బనం పోయిందనుకున్నా, హెక్టారుకు సుమారు 12.8 టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానం.

ఇక రైతు లెక్క. హెక్టారుకు 100 కిలోల నత్రజని వేస్తే, అంతర్జాతీయ వాతావరణ మార్పు మండలి ప్రామాణిక గుణకం ప్రకారం అందులో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో పోతుంది. దాని తాపన శక్తి 273 రెట్లుగా తీసుకుంటే, అది సుమారు 430 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. అంటే పైమట్టి నుంచి ఒక్కసారి పోయిన కర్బనం ఆ రైతు ముప్పై ఏళ్ల నత్రజని పాదముద్రకు సాటి వస్తున్నది.

రైతు వేసిన అడుగుకు గుణకం ఉన్నది, పరిశోధన పథకం ఉన్నది, సలహా కరపత్రం ఉన్నది. రైతు నేలపై పడిన అడుగుకు మాత్రం విస్తరణ వ్యవస్థలో ఒక గడి కూడా లేదు. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రం 12 అంశాలను కొలుస్తుంది. స్థూల సాంద్రత, నీరు ఇంకే వేగం, ఆకులపై ధూళి, బావి నీటిమట్టం వాటిలో లేవు. గని అంచు చేను పత్రానికి, గనికి ముప్పై కిలోమీటర్ల దూరపు చేను పత్రానికి తేడా కనిపించదు.

అభ్యంతరాలు, సమాధానాలు

బొగ్గు ఈ ప్రాంతానికి ఉపాధినీ, రాష్ట్రానికి వెలుగునూ ఇచ్చిందన్నది కాదనరాని సత్యం. రామగుండంలోనే ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా ఉత్పత్తి చేయగల కర్మాగారం నడుస్తున్నది. వ్యవసాయం పరిశ్రమకు పరాయిది కాదు. గుట్టలపై చెట్ల పెంపకమూ జరుగుతున్నది. అయితే పచ్చదనం, పునరుద్ధరణ ఒకటి కావు. చెట్టు బతికినంత మాత్రాన ఆ నేల పత్తినో మొక్కజొన్ననో మోయగల చేను అయినట్లు కాదు. బొగ్గు గనుల మూసివేత ప్రణాళికలకు 2009 నుంచి కేంద్ర మార్గదర్శకాలు ఉన్నాయి; నేల తిరిగి కోలుకున్నదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసింది వ్యవసాయ శాస్త్రమే.

దిగుబడి తగ్గడానికి ధూళి కారణమో, గులాబీ పురుగు కారణమో, వాన లోపం కారణమో తేల్చడం కష్టమన్న మాట కూడా న్యాయమైనదే. కష్టమైనందువల్లనే ముందస్తు కొలత అవసరం. తవ్వకానికి పూర్వపు నమూనా లేకపోతే రైతు ఆరోపణా నిలవదు, సంస్థ చెప్పుకునే మెరుగుదలా నిలవదు.

చేయవలసినది

గని అంచు నుంచి అర, ఒకటి, రెండు, ఐదు కిలోమీటర్ల దూరాలలో, గాలి వీచే దిక్కునా దానికి ఎదురు దిక్కునా, స్థిర నమూనా స్థలాలను గుర్తించాలి. అక్కడ 12 అంశాలతో పాటు పైన చెప్పిన నాలుగింటినీ, భార లోహాలనూ కొలవాలి. బావుల నీటిమట్టాన్ని వానాకాలానికి ముందు, తరువాత నమోదు చేయాలి. పైమట్టిని ఏ తేదీన, ఎంత లోతున తీశారో, ఎక్కడ కుప్పవేశారో, ఎన్నేళ్లకు ఎక్కడ పరచారో తెలిపే చిట్టా గ్రామ పంచాయతీకి అందుబాటులో ఉండాలి. తవ్వబోయే నేలలోని పాత దిబ్బలు, గుళ్లు, చెరువులు, పొలాల పేర్లు కూడా అదే చిట్టాకు ఎక్కాలి.

ఇందుకు కొత్త సంస్థ అవసరం లేదు. పొలాస పరిశోధన స్థానం, రామగిరి ఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రం ఈ ప్రాంతానికి సమీపంలోనే ఉన్నాయి. గ్రామీణ వ్యవసాయ పని అనుభవం కోసం పల్లెలకు వెళ్లే విద్యార్థులు ఏటా ఒకే స్థలాల నుంచి నమూనాలు తీస్తే, పదేళ్లలో ఏ న్యాయస్థానమైనా, ఏ ప్రణాళికా సంఘమైనా పరిశీలించక తప్పని సాక్ష్యం సిద్ధమవుతుంది.

గని మూతపడిన నాడు ఉద్యోగులు బదిలీ అవుతారు, యంత్రాలు తరలిపోతాయి. నేల మాత్రం సాగుదారుకే మిగులుతుంది. అది అప్పగింతకు ముందు ఎలా ఉండేదో చెప్పగల కాగితం అతని చేతిలో ఉండాలి. ఆ కాగితాన్ని తయారుచేయడం విస్తరణ శాస్త్రజ్ఞుల అదనపు సేవ కాదు, ప్రాథమిక కర్తవ్యం.