పిల్లల అరలో పడేసిన నవల

రాబర్ట్ కార్మియర్ పేరెత్తితే అమెరికా టీనేజ్ సాహిత్యం చదివినవాళ్లు ‘ద చాకొలెట్ వార్’ అంటారు. 1974లో వచ్చిన ఆ నవలకు గొప్ప పేరుంది, ఉండాల్సిందే. మరి మూడేళ్ల తర్వాత, 1977లో, ఆయనే రాసిన ‘ఐ యామ్ ద చీజ్’ మాటేమిటి? “అదా, పిల్లల థ్రిల్లర్ కదా” అని తేల్చేస్తారు. పిల్లలది కాబట్టి పెద్దవాళ్లు ముట్టరు. థ్రిల్లర్ కాబట్టి విమర్శకులు ముట్టరు. ఇక మిగిలిందెవరు?

కథ మామూలుగానే మొదలవుతుంది. మాసచుసెట్స్‌లోని మాన్యుమెంట్ అనే ఊరి నుంచి ఆడమ్ ఫార్మర్ అనే కుర్రాడు పాత సైకిలెక్కి వెర్మాంట్‌లోని రటర్‌బర్గ్‌కి బయల్దేరతాడు. ఆస్పత్రిలో ఉన్న నాన్నను చూడాలి, వెంట తెచ్చిన పొట్లం ఆయన చేతికివ్వాలి. ఈ ప్రయాణాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు వాడే చెబుతుంటాడు. మధ్యలో టేపు మీద రికార్డయిన మాటలొస్తాయి. బ్రింట్ అనే ఆయన గుచ్చిగుచ్చి అడుగుతుంటే, కుర్రాడు గుర్తు తెచ్చుకుంటూ చెబుతాడు. ఆ జ్ఞాపకాలది ఇంకో గొంతు. ఈ మూడూ ఎక్కడ ముడిపడతాయో నేను చెప్పను. చెబితే కార్మియర్ ఉసురు తగులుతుంది.

ఒక్క ఘట్టం మాత్రం చెప్పకుండా ఉండలేను. ఆడమ్ స్నేహితురాలు అమీ హెర్ట్జ్ వాళ్ల నాన్న ఊరి పత్రికకు ఎడిటర్. ఫార్మర్ కుటుంబం అంతకుముందు ఉండేదని చెప్పుకునే పెన్సిల్వేనియా ఊరి నుంచి మరో ఎడిటర్ ఆయన దగ్గరికి వస్తాడు. మీ ఊరి ఫార్మర్లు ఇక్కడే ఉన్నారంటే, అలాంటి కుటుంబమేదీ తనకు తెలియదంటాడు. అంతే. తుపాకీ పేలలేదు, శవం దొరకలేదు, కాని చదివేవాడి వెన్ను జలదరిస్తుంది. ఆ అనుమానంతో వెతికిన ఆడమ్‌కు నాన్న సొరుగులో తనవే రెండు జనన ధ్రువపత్రాలు కనబడతాయి. రెండింట్లో పుట్టినరోజులు వేరు. వారానికోసారి, గురువారం సాయంత్రం, అమ్మ గది తలుపేసుకుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతుంది. ఎవరితో?

ఆ కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోండి. సాక్షులకు ప్రభుత్వమే రక్షణ కల్పించే ఏర్పాటుకు అమెరికాలో 1970లో చట్టం వచ్చింది. 1974లో వాటర్‌గేట్ కుంభకోణం దెబ్బకు అధ్యక్షుడు నిక్సన్ గద్దె దిగాడు. ప్రభుత్వం మనల్ని కాపాడుతోందా, కాపలా కాస్తోందా అన్న ఆనాటి భయాన్ని కార్మియర్ ఒక మధ్యతరగతి ఇంటి నాలుగు గోడల మధ్యకు తెచ్చి పెట్టాడు.

లోపాలు లేవనను. ఆడమ్ తండ్రి ఒకప్పుడు విలేకరి. ఆయన బయటపెట్టిన అవినీతి ఏమిటో సరిగ్గా తెలియదు. పత్రాలు, సాక్ష్యాలు, కుట్ర అంటూ అంతా పైపైన సాగుతుంది. బ్రింట్ ప్రశ్నలు కొన్నిచోట్ల గానుగెద్దులా తిరిగినచోటే తిరుగుతాయి. ఆకతాయి పనులకు పథకాలేసే అమీని అంత ముచ్చటగా పరిచయం చేసి, ఆమెకంటూ ఒక బతుకు లేకుండా వదిలేయడం నాకూ మింగుడుపడదు. తమాషా ఏమిటంటే, పాఠకులు వెతుక్కున్నది ఆ పిల్లనే. నవలలో అమీ ఇంటి నంబరుగా కార్మియర్ తన ఇంటి ఫోన్ నంబరే వేశాడు. అమీ ఉందా అంటూ ఎక్కడెక్కడి పిల్లలో ఫోన్లు చేసేవాళ్లు, ఆయన ఓపిగ్గా మాట్లాడేవాడు.

ముగింపు తెలిశాక వెనక్కి వెళ్లి మళ్లీ చదవాల్సి రావడాన్ని కూడా లోపాల్లో వేసేవాళ్లున్నారు. నా తగువు వీళ్లతోనే. జాన్ లె కారే గూఢచారి నవల ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’లో అరడజను పేర్ల మధ్య తికమకపడి పేజీలు వెనక్కి తిప్పితే అది ఆయన నేర్పు. పదిహేనేళ్ల పిల్లలను నమ్మి కార్మియర్ అదే పని చేయిస్తే గందరగోళమా?

1986లో ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఈ పుస్తకాన్ని బడిలో చెప్పకూడదని గొడవ లేచి కోర్టు దాకా పోయింది. వద్దన్నవాళ్లతో నాకు పొత్తు లేదు గాని, వాళ్లయినా దీన్ని కాలక్షేపం సరుకనుకోలేదు. అమెరికాలోని బాలసాహిత్య పండితుల సంఘం ఫీనిక్స్ అవార్డు అని ఒకటి ఇస్తుంది. వచ్చినప్పుడు పెద్ద బహుమతేదీ దక్కకపోయినా, ఇరవై ఏళ్ల తర్వాతా నిలిచి ఉన్న పుస్తకానికి దాన్ని ఇస్తారు. 1997లో అది ‘ఐ యామ్ ద చీజ్’కి వచ్చింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. కార్మియర్ ఇంకో మూడేళ్లే బతికాడు.

థ్రిల్లర్లంటే ముఖం చిట్లించే పెద్దమనుషులారా, ఒక ఆదివారం దీనికివ్వండి. తండ్రి కేసు విడమరచలేదని తిట్టండి, అమీకి అన్యాయం జరిగిందనండి, నేనూ గొంతు కలుపుతాను. చదివాక తిట్టండి, చాలు.