విని సరిచూచుకొనుటకు వ్యవధి నొసగుడు: విమానయాన శాఖవారికిని, మహాజనులకును విన్నపము



1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము ఢిల్లీనుండి బయలుదేరిన సౌదియా వారి బోయింగు విమానమును, ఢిల్లీకి దిగివచ్చుచుండిన కజక్‌స్తాన్ వారి ఇల్యూషిన్ విమానమును హర్యానాలోని చర్ఖీ దాద్రీ గగనమున ఢీకొనగా, రెండింటిలోని 349 మందియు మరణించిరి. వచ్చు విమానమును 15,000 అడుగుల ఎత్తున నిలువుమనియు, ఎదురుగా వేరొకటి 14,000 అడుగుల ఎత్తున వచ్చుచున్నదనియు కంట్రోలరు హెచ్చరించెను, బదులును వచ్చెను, అయినను ఆ విమానము నిర్ణీతమైన ఎత్తును విడిచి క్రిందికి దిగెను. ఆ విమానములో రేడియోలో మాటలాడు ఉద్యోగికి ఎత్తును చూపు పరికరము తన యెదుట లేదు; చోదకుల భుజముల మీదుగా తొంగిచూడవలసినదే. ఆజ్ఞను విన్నవాడొకడు, విమానమును నడుపువాడు వేరొకడు అయినచోట, బదులు వచ్చినదను మాట ఏపాటి పూచీ?

ఆ పిమ్మట మన ప్రభుత్వము రాకపోకలకు వేరు మార్గములు ఏర్పరచి, ఎదురుపడు విమానములను గూర్చి హెచ్చరించు యంత్రమును నిర్బంధము చేసినది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2008 నుండి చోదకులకును కంట్రోలర్లకును ఆంగ్లభాషా పరీక్షను విధించినది. ఇవన్నియు శ్లాఘ్యములే. కాని దోషమంతయు ఇంగ్లీషు సరిగా రానివారిదే యని తలంచి నిశ్చింతగా నుండుట మాత్రము ఆత్మవంచన.

1977 మార్చి 27న కెనరీ దీవులలోని టెనెరీఫ్‌లో, దట్టమైన మంచులో, డచ్చి విమానము అనుమతి రాకుండగనే పరుగుకు పూనుకొని, తాము టేకాఫ్‌లో నున్నామను అర్థము వచ్చునట్లు చెప్పగా, ఆ విమానమింకను నిలిచియే యున్నదని తలంచిన టవరువారు మొదట ‘ఓకే’ యనిరి. వెంటనే ఆగుమని చెప్పుచుండగా, సరిగా ఆ క్షణముననే, తామింకను రన్‌వే మీదనే యున్నామని అమెరికా విమానము పలికెను. ఒకే ఫ్రీక్వెన్సీపై రెండు గొంతులు ఒక్కమారు ప్రసారమగుటచే డచ్చివారి చెవులకు కీచుధ్వని తప్ప ఆ హెచ్చరికలలో ఏదియు స్పష్టముగా చేరలేదు. రెండు విమానములును ఢీకొని 583 మంది మరణించిరి. అమెరికావారికి ఇంగ్లీషు మాతృభాషయే. అది వారిని రక్షించినదా?

ఇందులకు నివారణోపాయము కొత్తది కాదు. చోదకుడు ఆజ్ఞను పూర్తిగా తిరిగి చెప్పవలెను. కంట్రోలరు దానిని విని, తప్పున్నచో అప్పుడే దిద్దవలెను. నూరురూపాయల నోట్లిచ్చిన వర్తకుడు ఎదుటివాడు లెక్కించి ఒప్పుకొనువరకు కదలడు గదా! అయితే చెప్పించుటపై నున్న శ్రద్ధ వినుటపై లేదు. పదిమంది చోదకులు ఒకే ఫ్రీక్వెన్సీపై వరుసకట్టి యుండగా, తిరిగి చెప్పినదానిని చెవియొగ్గి వినవలసిన కంట్రోలరు నోటితో వేరొక విమానమునకు ఆజ్ఞ నిచ్చుచుండిన, ఆ నియమము కాగితముపై నిలుచునే కాని ఆకాశమున నిలువదు. నిమిషమునకు నూరు మాటలకు మించి పలుకరాదను అంతర్జాతీయ నియమమునకును రద్దీవేళలలో ఇదియే గతి.

కావున మేము కోరునది ఇది. విని దిద్దుటకు చాలినంత వ్యవధి మిగులునట్లు ఒక్కొక్క ఫ్రీక్వెన్సీపై ఉండదగిన విమానముల సంఖ్యను ముందుగనే నిర్ణయించి, అది మించునప్పుడు రెండవ కంట్రోలరును కూర్చుండబెట్టవలెను. అందువలన కొన్ని విమానములు ఆలస్యమైనను కానిండు. ప్రమాదము జరిగిన దినపు రికార్డింగులనే గాక, ఏమియు జరుగని దినములవానిని గూడ చోదకులును కంట్రోలర్లును ఒకచోట కూర్చుండి విని, తప్పినవారిని దండింపక, తప్పులను గుర్తింపవలెను. మాటకు బదులు తెరపై అక్షరములుగా సందేశము పంపు పద్ధతి మహాసముద్రములపై ఉపకరించుచున్నది, నిజమే. కాని క్షణములతో పనిపడు విమానాశ్రయ పరిసరములలో గొంతే శరణ్యము.

మా కోరికను అంగీకరించువారు తమ లోక్‌సభ సభ్యునికి ఉత్తరము వ్రాసి, విమానయాన శాఖ పద్దులు చర్చకు వచ్చునాడు మంత్రిగారిని ఈ ప్రశ్న అడుగవలసినదని ప్రార్థింపుడు: రద్దీవేళ ఒక్క కంట్రోలరుకు అప్పగింపబడు విమానములెన్ని, ఆ సంఖ్యను నిర్ణయించినవారెవరు?