వెండి పొర సరే, నీటి పరీక్ష ఏదీ?

నల్గొండ, సూర్యాపేటల నుంచి రాజధానికి పోయే బస్సు ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి దిల్‌సుఖ్‌నగర్ చేరుతుంది. పెళ్ళి బట్టలకైనా, స్టీలు సామానుకైనా మన పల్లెల వారికి దగ్గరి పెద్ద బజారు అదే. ఇప్పుడా సామానుతోపాటు మంచినీటి ఫిల్టర్లూ ఊళ్ళకు చేరుతున్నాయి. వెండి, రాగి కలిపిన పొర ఉన్నదంటే చాలు, క్రిములూ పురుగుమందులూ అన్నీ పోతాయని నమ్మి కొంటున్నాము. అందులో నిజమెంతో తెలుసుకోవడం అవసరం.

ఇది ఉత్తమాట మాత్రం కాదు. రాగి చెంబులో రాత్రంతా నిలవ ఉంచిన నీరు మేలని మన పెద్దలు ఎన్నడో చెప్పారు. ఫిల్టరు పొర సన్నని జల్లెడ వంటిది. బాక్టీరియా మిల్లీమీటరులో దాదాపు వెయ్యో వంతు ఉంటుంది. పొర రంధ్రాలు అంతకంటె చాలా చిన్నవి కనుక అది ఆగిపోతుంది. నీటిలో కరిగిన పురుగుమందు మాత్రం జల్లెడలో పిండి జారినట్లు జారిపోతుంది. అతి సూక్ష్మమైన వెండి రేణువులు పట్టిస్తే ఆగిన క్రిములు పెరిగి పొరపై జిగురు కట్టవు. కొన్ని పురుగుమందులు కూడా ఆ రేణువులకు అంటుకుంటాయి. ఎండోసల్ఫాన్, మలాథియాన్, క్లోరోపైరిఫాస్‌లను ఇలా తొలగించవచ్చని మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యుడు టి.ప్రదీప్ బృందం నిరూపించింది. 2007లో ఆ పద్ధతితో ఫిల్టరు బజారుకు వచ్చింది. 2009లో టాటా వారు వరి ఊక బూడిదకు వెండి రేణువులు పట్టించి, కరెంటు అక్కరలేని ఫిల్టరు తెచ్చారు.

అయితే వెండికీ హద్దున్నది. మన జిల్లాను పీడించిన ఫ్లోరైడు ఈ పొరకు ఆగదు. దానికి ఆర్.ఓ. పొరగాని, పటిక, సున్నంతో శుద్ధి చేసే నల్గొండ పద్ధతిగాని కావాలి. పైగా పొర శక్తి కొంతకాలానికి తగ్గుతుంది. ఆ సంగతి నీటి రుచిని బట్టి తెలియదు.

కనుక ముందుగా తెలియవలసింది మన నీటిలో ఏమున్నదో. మన అక్కంపల్లి జలాశయం నుంచి కృష్ణా నీరు కోదండాపూర్‌లో శుద్ధి అయి 2004 నుంచి నగరానికి వెళ్తున్నది. దారి పొడవునా దానికి పరీక్షలున్నాయి. పొలం పనిలో దప్పికైనప్పుడు మనం తాగే బావికి, బోరుకు ఏ పరీక్ష ఉన్నది? ఊళ్ళో వాడే చిన్న పరీక్ష పెట్టె ఫ్లోరైడును, క్రిములను పట్టగలదు గాని పురుగుమందును పట్టలేదు. దానికి పెద్ద ప్రయోగశాలే కావాలి. పత్తి, వరి, బత్తాయికి మందు కొట్టే గ్రామాల్లో అధికారులు వానాకాలం ముందూ తర్వాతా నమూనాలు తీయించి, ఫలితాలు పంచాయతీ గోడపై రాయించాలి.

రైతు సోదరులూ ఒకటి గమనించాలి. బావి గట్టున మందు డబ్బా కడిగి, ఇంట్లో వెండి పొర బిగించుకుంటే ఏం లాభం? కొనేవారు కూడా దుకాణంలో గట్టిగా అడగాలి: ఏ మందును ఆపుతుంది, ఎన్ని లీటర్ల తర్వాత పొర మార్చాలి, పరీక్ష నివేదిక ఏదీ అని. వెండి కడియం కొంటే తూకం, నాణ్యం చూడనిదే డబ్బులివ్వము. పిల్లలు తాగే నీటి విషయంలో అంతకంటె జాగ్రత్త వద్దా?