ఆంప్ ఈల వేస్తే తప్పు స్పీకర్‌ది కాదు

ఆంప్లిఫయర్ బోర్డులు సొంతంగా కట్టుకునేవాళ్ల మధ్య ఒక మాట ఈ మధ్య వేదవాక్కులా చెలామణీ అవుతోంది. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదట, వోల్టేజి తగ్గించే బక్ కన్వర్టర్ 500 కిలోహెర్ట్జ్‌లో స్విచ్ అవుతుందట, ఇక గోల ఎక్కడినుంచి వస్తుందని ఎదురు ప్రశ్న. ఇది నమ్మి బక్ మాడ్యూల్ కొన్న కుర్రాడు, పాట ఆగగానే సన్నటి ఈల వినిపిస్తే ముందు స్పీకర్ మారుస్తాడు, తర్వాత ఆంప్ ఐసీ మారుస్తాడు, చివరికి తన చేతి సోల్డరింగ్‌నే తిట్టుకుంటాడు. సగం తెలిసి పూర్తి ధీమాతో చెప్పిన సలహాకి అతను జరిమానా కడుతున్నాడు.

ఆ 500 అనే అంకె లోడ్ బాగా ఉన్నప్పటిది. బ్యాటరీ పరికరాల్ని దృష్టిలో పెట్టుకుని తయారైన బక్ ఐసీలు చాలావరకు లోడ్ తగ్గగానే పద్ధతి మార్చేస్తాయి. నాలుగు పల్సులతో అవుట్‌పుట్ కెపాసిటర్‌ని నింపి నిద్రపోతాయి, వోల్టేజి కాస్త దిగాక లేచి మళ్లీ నింపుతాయి. డేటాషీట్లలో దీన్నే పల్స్ స్కిప్పింగ్ అనో, పీఎఫ్ఎం అనో, ఎకో మోడ్ అనో రాస్తారు. అప్పుడు చూడాల్సింది ఆ నిద్ర ఎంతసేపు అన్నది. 22 మైక్రోఫారడ్ల కెపాసిటర్, 20 మిల్లీవోల్టుల దిగుడు, 1 మిల్లీఆంపియర్ లోడ్ అనుకోండి. అంత దిగడానికి 0.44 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే సెకనుకు దాదాపు 2,270 సార్లు ఐసీ నిద్రలేస్తుంది. మన చెవి బాగా చురుగ్గా పట్టుకునే స్వరాలు సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఉంటాయి. లోడ్ 5 మిల్లీఆంపియర్లయితే 11 కిలోహెర్ట్జ్, 0.1 అయితే 227 హెర్ట్జ్. ఎటు జరిగినా వినికిడి హద్దులోనే తిరుగుతోంది. పైగా లోడ్ తగ్గేది పాట ఆగినప్పుడే కాబట్టి, ఈలని కప్పడానికి సంగీతం కూడా ఉండదు. గుణకారం, భాగహారం వచ్చినవాళ్లెవరైనా వేయగలిగిన ఈ లెక్కని వేయకుండానే సలహాలిస్తున్నారంటే నాకు కోపం వస్తుంది.

పెద్ద కెపాసిటర్ వేస్తే సరిపోతుందన్నది వాళ్ల తర్వాతి మాట. పై లెక్కలో 22 బదులు 220 పెట్టి చూడండి. వోల్టేజి దిగుడుకి హద్దు ముందే బిగించిన ఐసీల్లో అవుట్‌పుట్ వోల్టేజి అలల ఎత్తు అలాగే ఉండి, స్వరం మాత్రం పదింతలు కిందికి జారుతుంది. 2,270 కాస్తా 227 అవుతుంది, ఈల పోయి గుంయ్‌మనే రొద వస్తుంది. ఒక్కో పల్సుకి ఇంతని లెక్కగా విద్యుత్తు పంపే ఐసీల్లో అల చిన్నదవుతుంది గానీ స్వరం కదలదు. ఆ కెపాసిటర్ సిరామిక్‌దైతే ఇంకో చిక్కు. ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ రకాల్లో ఉండే బేరియం టైటనేట్ వోల్టేజి మారినప్పుడల్లా సాగి ముడుచుకుంటుంది, దాంతో బోర్డే కంపిస్తుంది. స్పీకర్ వైరు పీకేసినా కూత వినిపిస్తోందంటే కారణం అదే కావచ్చు. సీ0జీ రకానికి ఈ జబ్బు లేదు గానీ, ఇక్కడ కావలసినంత విలువల్లో అది దొరకదు.

అసలు మందు ఐసీని నిద్రపోనివ్వకపోవడమే, ఇందులో రహస్యమేమీ లేదు. రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డులో జీపీఐఓ 23 అనే పిన్ను ఉన్నదే రెగ్యులేటర్ మోడ్ మార్చడానికి. దాన్ని పైకి లాగితే పల్సులు ఎగ్గొట్టని పీడబ్ల్యూఎం మోడ్‌లోకి వెళ్తుందనీ, అలలు తగ్గుతాయనీ, తక్కువ లోడ్‌లో సామర్థ్యం పడిపోతుందనీ దాని డేటాషీట్లోనే రాసి ఉంది. బ్యాటరీ త్వరగా అయిపోతుందని దీనికి అభ్యంతరం చెబుతారు. నెలల తరబడి నిద్రపోయే సెన్సరుకైతే ఆ మాట న్యాయమే. నేరుగా బ్యాటరీకి కట్టిన ఆంప్ ఏమీ పాడకుండానే పదుల మిల్లీఆంపియర్లు తాగుతుంటే, రెగ్యులేటర్ దగ్గర రెండు మూడు మిల్లీఆంపియర్లు మిగిల్చి ఏం బావుకుంటాం? ఇక స్విచింగ్ అంటేనే మైల అన్నట్టు లీనియర్ రెగ్యులేటరే వాడాలనేవాళ్లున్నారు. 12 వోల్టుల నుంచి 5కి 1 ఆంపియర్ ఇచ్చే 7805 ఏడు వాట్లు వేడిగా తగలేస్తుంది, దానికింత హీట్‌సింక్ మోసుకు తిరగాలి. వాళ్లతో ఇంతకంటే వాదన అనవసరం.

ఎంపిక విషయానికొస్తే, డేటాషీట్ మొదటి పేజీలోని ఫ్రీక్వెన్సీ దగ్గర ఆగకుండా తక్కువ లోడ్‌లో ఐసీ ఏం చేస్తుందో చెప్పే భాగం దాకా వెళ్లాలి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీపీఎస్563201, టీపీఎస్563208 రెండూ 580 కిలోహెర్ట్జ్‌వే, రెండూ 3 ఆంపియర్లవే. మొదటిది తక్కువ లోడ్‌లో పల్సులు ఎగ్గొడుతుంది, రెండోది ఎగ్గొట్టదు. ఆడియోకి రెండోదే కావాలి. మాడ్యూళ్లు అమ్మే చాలామంది ఈ తేడా అసలు చెప్పరు. అవుట్-ఆఫ్-ఆడియో మోడ్ ఉన్న ఐసీలు కూడా దొరుకుతాయి, అవి ఎంత తక్కువ లోడ్‌లోనైనా ఫ్రీక్వెన్సీని 20 కిలోహెర్ట్జ్ కిందికి దిగనివ్వవు. ఒకే పెట్టెలో రెండు బక్‌లుంటే వాటిని ఒకే క్లాక్‌కి కట్టడం మంచిది, ఎందుకంటే 500 దగ్గర ఒకటి, 503 దగ్గర ఒకటి నడిస్తే వాటి మధ్య 3 కిలోహెర్ట్జ్ తేడా స్పీకర్‌లో పలకగలదు. బ్లూటూత్ బోర్డు, ఆంప్ ఒకే గ్రౌండ్ తీగని పంచుకున్నప్పుడు వచ్చే గోల వేరే రకం, దానికి రెగ్యులేటర్ మార్చి లాభం లేదు. మాడ్యూల్ ఇప్పటికే కొనేసినవాళ్లు అవుట్‌పుట్‌కి అడ్డంగా ఒక రెసిస్టర్ వేసి, ఐసీ నిద్రలోకి జారనంత లోడ్ చూపించి చూడొచ్చు. ఎన్ని ఓమ్‌లన్నది ఆ ఐసీ ఎంత లోడ్ దగ్గర మోడ్ మారుస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది.