సగటు లెక్కకు అందని పల్లె సంసారం

ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో తలకు నెలకు 5,327 రూపాయలు ఖర్చవుతున్నది. 2023 ఆగస్టు నుంచి 2024 జూలై వరకు కేంద్ర గణాంక శాఖ ఇంటింటా జరిపిన వినియోగ వ్యయ సర్వే తేల్చిన అంకె ఇది. తెలంగాణ పల్లెల్లో ఇది 5,435 రూపాయలు. దేశంలోని పల్లెలన్నీ కలిపితే 4,122 మాత్రమే. అంటే మన పల్లెలు దేశం కన్నా మెరుగన్న మాట. తలకు 5,327 అంటే నలుగురున్న ఇంటికి నెలకు 21,308 రూపాయలు. ఈ లెక్కను రచ్చబండ దగ్గర చదివితే, "అంత డబ్బు ఎవరింట్లో తిరుగుతున్నదయ్యా?" అని నలుగురూ అడగక మానరు.

అంకెలో తప్పు లేదు. అడిగినవారిదీ తప్పు కాదు. ఆ అంకెలో ఏమేమి చేరాయో, ఏమేమి చేరలేదో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

సర్వేవారు ఖర్చు అన్నప్పుడు చేతి నుంచి పోయిన నగదును మాత్రమే చూడరు. సొంత గాదెలోని బియ్యానికి, పెరటి కూరకు, ఇంటి పాడి పాలకు కూడా విలువ కట్టి కలుపుతారు. వాటికి రూపాయి చేతులు మారదు కనుక ఇంటి ఇల్లాలికి అది ఖర్చుగా తోచదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బియ్యం, ఇతర వస్తువుల విలువను వేరుగా కట్టారు. దానిని కూడా చేర్చితే దేశంలోని పల్లెల సగటు 4,122 నుంచి 4,247కు పెరిగింది. బట్టలు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు వంటివి ఏడాది మొత్తానికి అడిగి నెలలకు పంచుతారు. ఆషాఢంలో ఆసుపత్రికి 60,000 కట్టిన కుటుంబానికి ఆ లెక్కలో నెలకు 5,000 మాత్రమే కనబడుతుంది. ఆ నెల వారు పడిన పాటు ఏ గడిలోనూ ఎక్కదు.

మరి చేరనివి ఏవి? అప్పు వాయిదా చేరదు. వడ్డీ చేరదు. ఎరువులు, పురుగుమందుల ఖర్చు సేద్యపు ఖర్చు కనుక అదీ చేరదు. పల్లెటూరి మనిషిని నిద్ర పట్టనీయని పద్దులు సరిగ్గా ఇవే కావడం గమనించదగ్గది.

పది ఇళ్ల లెక్క

ఇక అసలు సంగతి సగటుది. లెక్క కోసం ఒక వీధిలో పది ఇళ్లు ఉన్నాయనుకుందాం. తొమ్మిది ఇళ్ల నెల ఆదాయాలు వరుసగా 7, 8, 9, 9, 10, 11, 12, 13, 15 వేలు. పదో ఇల్లు రైసుమిల్లు ఆసామిది, ఆదాయం 86 వేలు. మొత్తం లక్షా 80 వేలు. పదితో భాగిస్తే వీధి సగటు 18 వేలు. ఆ వీధిలో 18 వేలు వచ్చే ఇల్లు ఒక్కటీ లేదు. తొమ్మిది ఇళ్లు సగటుకు దిగువనే ఉన్నాయి.

ఇళ్లను తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో నిలబెట్టి నట్టనడుమ ఉన్నవారిని అడిగితే అయిదో ఇల్లు 10 వేలు, ఆరో ఇల్లు 11 వేలు చెబుతాయి. రెంటికీ నడుమ 10,500. లెక్కల పంతుళ్లు దీనిని మధ్యగతం అంటారు. మిల్లు ఆసామికి రేపు రెండింతలు లాభం వచ్చినా మధ్యగతం కదలదు. సగటు మాత్రం 26,600కు ఎగిరి కూర్చుంటుంది. వీధి బాగుపడిందని కాగితం మీద రాసుకోవచ్చు. మిగిలిన తొమ్మిది ఇళ్లలో అదనంగా ఒక్క పూట కూర కూడా ఉడికి ఉండదు.

ఇది ఊహించిన వీధే. కాని ప్రభుత్వ లెక్కల్లోనూ ఇదే పోకడ కనిపిస్తున్నది. 2022-23 సర్వేలో దేశంలోని పల్లె జనాన్ని ఖర్చు ప్రకారం మెట్లుగా విడదీశారు. ఆ ఏడు పల్లె సగటు తలకు 3,773 రూపాయలు. కింది నుంచి లెక్కిస్తే నూటికి యాభై నుంచి అరవై వరకు ఉన్న మెట్టువారి ఖర్చు 3,455. దాని పై మెట్టులో గాని 3,887కు చేరలేదు. కనుక నూటికి సుమారు అరవై మంది సగటుకు కిందనే బతుకుతున్నారు. అట్టడుగున ఉన్న అయిదుగురి ఖర్చు 1,373. పైనున్న అయిదుగురిది 10,501. ఏడున్నర రెట్లకు మించిన తేడా ఇది. రోజుకు 46 రూపాయలలో తిండి, బట్ట, మందు, దీపం అన్నీ వెళ్లదీసే మనిషిని 3,773 అనే అంకె ఎలా చూపగలదు?

ఆదాయం చెప్పేదెవరు?

ఖర్చు లెక్క ఇలా ఉంటే ఆదాయం లెక్క ఇంకా గడ్డు. ఖర్చును అడిగితే గుర్తున్నంత వరకు చెబుతారు. ఆదాయం అడిగితే ఎదుటివారు తలుపు వైపు చూస్తారు. 1950ల నుంచి జాతీయ శాంపిల్ సర్వే వారు ఆదాయం కనుక్కొనేందుకు కొన్ని పర్యాయాలు ప్రయత్నించారు. 1983-84లోనూ ప్రయోగంగా ఒక సర్వే జరిగింది. జనం చెప్పిన ఆదాయం కన్నా వారి ఖర్చు, పొదుపు కలిపి ఎక్కువ తేలడంతో ఆ పని ముందుకు సాగలేదు. దేశవ్యాప్తంగా కుటుంబ ఆదాయ సర్వేను 2026లో జరపాలని కేంద్ర గణాంక శాఖ 2025 జూన్‌లో ప్రకటించింది. దానికి ముందు ప్రశ్నలను పరీక్షించి చూస్తే, నూటికి తొంభై అయిదు మంది ఇవి గుట్టు విప్పే ప్రశ్నలని భావించారట.

జంకడానికి కారణం లేకపోలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బియ్యం కార్డుకు పల్లెల్లో పెట్టిన హద్దు కుటుంబానికి నెలకు 10,000 రూపాయలు. ఆ కాలానికే, అంటే 2018-19 వ్యవసాయ సంవత్సరానికి, రాష్ట్రంలో రైతు కుటుంబం నెల ఆదాయం సగటున 10,480 అని మరో కేంద్ర సర్వే చెప్పింది. సగటునే నమ్ముకుంటే రైతులంతా హద్దు దాటినవారే! నిజం చెబితే కార్డు పోతుందేమోనని ఇంటి పెద్ద తడబడితే అతనిని తప్పు పట్టలేము. అయితే గణాంకాల సేకరణకు 2008లో వచ్చిన చట్టం ప్రకారం ఇంటివారు చెప్పిన వివరాలను గణాంకాలకు తప్ప వేరే పనికి వాడరాదు. ఈ మాటను సర్వేకు వచ్చినవారు గుమ్మంలోనే చెప్పడం మంచిది. చెప్పేవారు అరుదు.

పైగా రైతును నెల ఆదాయం ఎంత అని అడగడమే విడ్డూరం. వరి రైతుకు డబ్బు కోతల తరువాత, ధాన్యం కాటా అయ్యాక వస్తుంది. విత్తనాలు, బడి పుస్తకాలు, దుక్కి ఖర్చు మాత్రం జూన్‌లోనే వచ్చి మీద పడతాయి. పన్నెండుతో భాగించిన 10,480 ఏ నెలలోనూ అతని చేతిలో పడిన సొమ్ము కాదు. క్రమంగా వచ్చేవి పాల డబ్బు, కూలి డబ్బు మాత్రమే. అదే సర్వే ప్రకారం దేశంలో రైతు కుటుంబానికి నెలకు వచ్చిన 10,218లో పంట మీద వచ్చింది 3,798 రూపాయలు. కూలి, జీతాల మీద వచ్చింది 4,063. రైతు అని పిలిపించుకుంటున్న కుటుంబం సేద్యం కన్నా కూలి, జీతం మీదనే ఎక్కువ ఆధారపడుతున్నది. ఇంటిల్లిపాది కష్టానికి, సొంత విత్తనానికి కూడా విలువ కట్టి తీసివేస్తే ఆ 10,218 కాస్తా 8,337కు దిగింది.

అప్పు పద్దు చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. ఆ సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో నూటికి 93 అప్పుల్లో ఉన్నాయి. తెలంగాణలో దాదాపు 92. దేశం మొత్తానికి 50. అప్పు సగటు మన రాష్ట్రంలో 2,45,554 రూపాయలు, దేశంలోనే అన్నిటికన్నా ఎక్కువ. దాదాపు రెండేళ్ల ఆదాయంతో సమానమైన అప్పు. దేశం కన్నా తలసరి ఖర్చు హెచ్చుగా ఉన్న పల్లెల్లోనే అప్పు కూడా హెచ్చుగా ఉండడం కేవలం కాకతాళీయమని కొట్టివేయడం కష్టం. చేబదులు తెచ్చి మందులు కొన్నా, వినియోగ వ్యయ సర్వేలో అది ఖర్చు పెట్టగలిగిన స్తోమతగానే నమోదవుతుంది.

ఇన్నాళ్లూ ఈ లెక్కలన్నీ రాష్ట్రం మొత్తానికే వచ్చేవి. కృష్ణా డెల్టా రైతునూ, అనంతపురం మెట్ట రైతునూ ఒకే అంకె కింద కట్టేసేవారు. 2025 జనవరి నుంచి జాతీయ శాంపిల్ సర్వేలలో జిల్లాను మూల ఘటకంగా తీసుకుంటున్నారు. జిల్లా స్థాయి అంకెలు రావడానికి దీనితో వీలు కలిగింది. అలా వచ్చినప్పుడు జిల్లా సగటు ఒక్కటే ప్రకటించి ఊరుకుంటే పది ఇళ్ల వీధి కథే పునరావృతమవుతుంది. దానితో పాటు మధ్యగతం ఎంత, అట్టడుగు అయిదు శాతం ఖర్చు ఎంత, అప్పున్న ఇళ్లెన్ని అన్నవి కూడా పంచాయతీ కార్యాలయాల గోడ మీద తెలుగులో అంటించాలి. రైసుమిల్లు ఆసామి ఇంటి తలుపు సర్వేవారికి తెరుచుకున్నదీ లేనిదీ కూడా ఊరివారు అప్పుడే అడగవచ్చు.